ముందు వెన్ను, తర్వాతే ముఖం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా స్నేహితుడి కొడుకు తన తొలి పాప్ ఆల్బం అట్టబొమ్మను ఫోనులో పెట్టుకుని నెల్లూరులో మా ఇంటికి వచ్చాడు. కావలిలో ఇంజినీరింగు చదివి, ఆ తరువాత గిటారు తప్ప మరొకటి చేతపట్టని కుర్రవాడు. పాటలు ఎనిమిది, రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ తనే. అట్టమీద అతని ఫొటో ఉంది. మైపాడు ఒడ్డున పొద్దు పొడిచే వేళ తీయించుకున్నది. నల్లకళ్లద్దాలు, గాలికి లేచిన జుట్టు, వెనక నారింజరంగు సముద్రం. ఆల్బం పేరు అడుగున ఒక మూల సన్నని తెల్లటి అక్షరాల్లో ఉంది. "ఎట్టుంది బాబాయ్?" అని అడిగాడు. ఫొటో బాగుందనే చెప్పాను, నిజంగానే బాగుంది కాబట్టి. తరువాత ఆ బొమ్మను పాటల యాప్ జాబితాలో కనిపించేంతకు, అంటే బొటనవేలి గోరంతకు తగ్గించి, ఫోను అతని చేతికే ఇచ్చి పేరు చదవమన్నాను. కాసేపు చూసి నవ్వేశాడు. అక్కడ నారింజరంగు మరక ఒకటి, దాని నడుమ నల్లటి మరక ఒకటి తప్ప మరేమీ లేవు.

అతనికి కావలసినవి మూడు రకాలు: యాప్‌లకు పంపే చదరపు బొమ్మ, పాటకచేరీ జరిగేచోట బల్లమీద పెట్టి అమ్ముకోవడానికి, లోపల పాటల పుస్తకమూ క్యూఆర్ కోడూ ఉండే అట్టపెట్టెలు 300, ఒక మాసపత్రికకు వెనక అట్టమీద ఒకటి, లోపల అరపేజీ ఒకటి చొప్పున రెండు ప్రకటనలు. డీటీపీ సెంటరులో టైపు కొట్టే పనితో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఇదే పని చేస్తున్న నాకు, ఈ విషయంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. ఎవరికీ తెలియని గాయకుడి ఆల్బం చేసేటప్పుడు అన్నిటికంటే చిన్న చోటును అన్నిటికంటే ముందు పూర్తిచేయాలి. కేసెట్ల కాలంలో అది వెన్ను, అంటే పెట్టెను అరలో పేర్చినప్పుడు బయటికి కనిపించే సన్నని అంచు; ఇవాళ యాప్‌లోని గోరంత చదరం. అక్కడ పేరు చదవగలిగేటట్టు అక్షరాన్ని గీసుకున్నాక, అదే అక్షరాన్ని పెంచుకుంటూ అట్టకూ, పత్రిక పేజీకీ వెళ్ళాలి. మనం చేసేది దీనికి తలకిందులు. పెద్ద ఫొటోతో మొదలుపెడతాం, మిగిలిన చోట పేరును ఇరికిస్తాం, వెన్నును ప్రెస్సుకు ఫైలు పంపే రాత్రి పదకొండు గంటలకు గుర్తుచేసుకుంటాం.

ఈ మాట చెబితే కుర్రవాడు ఒప్పుకోలేదు. అతను అడిగినవాటిలో కొన్నిటికి అప్పటికప్పుడు నా దగ్గర సరైన జవాబు కూడా లేకపోయింది. అందుకే ఇంత పొడుగున రాసుకోవలసి వస్తున్నది.

పన్నెండు మిల్లీమీటర్లు

కేసెట్టు పెట్టెలో మడిచిపెట్టే కాగితాన్ని మేము ఇన్లే అనేవాళ్ళం. దాని ఎత్తు 101 మిల్లీమీటర్లు. ముందువైపు వెడల్పు 65, వెన్ను 12 లేదా 13, వెనక్కి మడిచే చెవి 16 దాకా. కొనేవాడికి ముందువైపు కనిపిస్తుందని అనుకుని మేము పని చేసేవాళ్ళం. ఆ రోజుల్లో నెల్లూరు ట్రంకు రోడ్డులోగాని, ఒంగోలు కర్నూలు రోడ్డులోగాని కేసెట్ల షాపు ముందు నిలబడినవారికి నిజంగా కనిపించినదేమిటో గుర్తుందా? గోడ పొడుగునా చెక్క అరల్లో ఇటుకలు పేర్చినట్టు వందల కేసెట్లు, అన్నీ వెన్ను చూపిస్తూ. ముందువైపు చూపించే భాగ్యం ఆ వారం విడుదలైన సినిమా పాటలకూ, పండగ దగ్గరపడితే దేవుడి పాటలకూ మాత్రమే ఉండేది. వాటిని గాజుపెట్టెలో పెట్టేవారు, లేదా దారానికి గుచ్చి వేలాడదీసేవారు. కొనేవాడు అరలోకి చెయ్యి పెట్టి తీసుకునే వీలు లేదు. బల్లకు ఇవతల నిలబడి పేరు చెప్పాలి, అవతల ఉన్న కుర్రవాడు వెన్నులు వెతికి తీసి ఇవ్వాలి.

నేను చేసిన మొదటి పాప్ ఆల్బం ఇన్లే 1998లోది. ఆల్బం పేరులో "జ్యోత్స్న" అనే మాట ఉండేది. ముందువైపున ఆ మాటను మెలికలు తిప్పి, చంద్రవంకకు ఊయల కట్టినట్టు వేలాడదీసి, తెరమీద నాలుగింతలు పెంచి చూసుకుంటూ రెండు రోజులు మురిసిపోయాను. వెన్నుమీద మాత్రం అనూ అనే తెలుగు ఫాంటులో టైపు చేసి, చోటుకు సరిపోయేదాకా సాగదీసి వదిలేశాను. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలా ఒక గీతమీద బుద్ధిగా కూర్చునేది కాదని మనందరికీ తెలుసు. "త్స్న" అనేది ఒక్క అక్షరంలా పలికినా, త కింద స వత్తు, ఆ వత్తుకు పక్కగా ఇంకా కిందికి న వత్తు ఉంటాయి. పైన తలకట్టు నుంచి కింద వత్తు కొస దాకా కొలిస్తే, మామూలు అక్షరానికి రెట్టింపు ఎత్తు పడుతుంది. నా లెక్క ప్రకారం అది 12 మిల్లీమీటర్లలో పట్టింది, అటూ ఇటూ అర మిల్లీమీటరు మిగిలింది కూడా.

ప్రెస్సులో ఒక్క ఇన్లేను ఒక్కటిగా వేయరు. ఒక షీటుమీద వరసలుగా ఎన్నో పేర్చి అచ్చువేసి, కట్ట కట్టి కోసి, ఆ తరువాత మడత గీత కొడతారు. ఇంత కట్టలో కాగితం ఒక మిల్లీమీటరు జరగడం తప్పు కాదు, ఎప్పుడూ జరిగేదే. దానికి చోటు వదలకపోవడం నా తప్పు. మడత గీత వత్తులమీదుగా పోయింది. వెన్నుమీద త మిగిలింది, దాని కింది సంసారమంతా చెవివైపుకు వంగి లోపలికి పోయింది. ఆ ఇన్లేలు పెట్టెల్లోకి ఎక్కి షాపులకు చేరిన పదిరోజులకు, గాయకుడు మారువేషంలో వెళ్ళినట్టు ట్రంకు రోడ్డులో ఒక షాపుకు వెళ్ళి తన కేసెట్టునే అడిగాడట. షాపు కుర్రవాడు అరలన్నీ వెతికి లేదన్నాడు. గాయకుడు వేలితో చూపించాడు. "అది జోత అన్నా, మీరడిగింది కాదు" అని ఆ కుర్రవాడు సమాధానం చెప్పాడు. సరుకు పుస్తకంలో కూడా "జోత" అనే రాసుకున్నారు. గాయకుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ పుస్తకంలోని పేజీని జెరాక్సు తీయించి తెచ్చి నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

వెన్నుమీద నాకున్న ఈ పట్టింపు ఆ జెరాక్సు కాగితంతోనే మొదలైంది. కాబట్టి ఇది అనుభవమా, పాత గాయమా అని ఎవరైనా అడిగితే, రెండూ అనే ఒప్పుకోవాలి.

దీనికి చరిత్రలోంచే ఒక ఎదురువాదం ఉంది. ఆల్బం అనే మాట పుట్టిందే పుస్తకం ఆకారంలోంచి. ఒక వైపుకు మూడు నాలుగు నిమిషాలు మాత్రమే పాడే పాత రికార్డులను నాలుగైదు కలిపి, ఫొటో ఆల్బంలాగా కాగితపు సంచుల పుస్తకంలో కుట్టి అమ్మేవారు. వాటి అట్టలు బోసిగా ఉండేవి; పేరు వెన్నుమీద మాత్రం ఉండేది. అమెరికాలో వాటిని వెటకారంగా సమాధి రాళ్ళు అనేవారు. 1940 ప్రాంతంలో కొలంబియా రికార్డుల సంస్థలో కళాదర్శకుడిగా ఉన్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుడు అట్టమీద బొమ్మ వేయిద్దామని యాజమాన్యాన్ని ఒప్పించాడు, ఆ పైన జరిగినదంతా మనం ఇవాళ అట్టబొమ్మల కళ అని పిలుచుకునే చరిత్ర. అంటే, వెన్నును మాత్రమే నమ్ముకున్న పద్ధతిని వదిలించుకోవడమే ఈ వృత్తికి పుట్టుక. మరి నేను మళ్ళీ సమాధి రాళ్ళ దగ్గరికి పొమ్మంటున్నానా?

కాదనే అనుకుంటున్నాను. పన్నెండంగుళాల రికార్డును ముందువైపు కనిపించేలా నిలబెట్టి, కొనేవాడు తన చేత్తో ఒక్కొక్కటీ తిప్పి చూసుకునే షాపులో స్టైన్‌వైస్ మాట నూటికి నూరుపాళ్ళు చెల్లుతుంది. మన షాపులు అటువంటివి కావు. ఇప్పటి యాప్‌లూ అటువంటివి కావు. అవి మూడు వేల పిక్సెళ్ళ వెడల్పు, మూడు వేల పిక్సెళ్ళ ఎత్తు ఉన్న బొమ్మను మన దగ్గర తీసుకుని, వినేవాడికి గోరంత చేసి చూపిస్తాయి. ఆ బొమ్మలో ధరగాని, వెబ్ చిరునామాగాని ఉండకూడదని నిబంధన కూడా ఉంది. మిగిలేది పేరు, రంగు, ఒక ఆకారం.

పేరు లేని అట్టలు

కుర్రవాడు నన్ను గట్టిగా పట్టుకున్నది ఇక్కడే. "పింక్ ఫ్లాయిడ్ బ్యాండు వాళ్ళు 1970లో అట్టమీద ఆవు బొమ్మ వేసి, పేరే వేయలేదు గదా బాబాయ్. 1973లో గాజుపట్టకం వేసినప్పుడూ ముందువైపు ఒక్క అక్షరం లేదు. బీటిల్స్ 1968లో తెల్లకాగితమే ఇచ్చారు" అన్నాడు. నిజమే. ఆ తెల్ల అట్టమీద బృందం పేరు రంగు లేకుండా ఉబ్బెత్తుగా నొక్కి ఉంటుంది, దాంతోపాటు మొదటి ముద్రణల్లో ఒక వరస సంఖ్య. ఆ సంఖ్య కోట్లమందికి అమ్మే సరుకును పరిమితంగా అచ్చైన బొమ్మలాగా కనిపింపజేసే చమత్కారం. అది తెలిసినవాళ్ళు ఆడే ఆట. అప్పటికి బీటిల్స్ ముఖాలు తెలియని ఇల్లు ఇంగ్లండులో లేదు. పేరు దాచిపెట్టడమే వారి పేరును గుర్తుచేసింది. మన కుర్రవాడు పేరు దాచిపెడితే అది దాచిపెట్టినట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఈ జవాబు నాకు సిద్ధంగా ఉంది, చెప్పాను. అతను మరో ఉదాహరణ తీశాడు, అది ఇంత తేలికగా తెగలేదు. 1983లో న్యూ ఆర్డర్ అనే బృందం విడుదల చేసిన ఒక పన్నెండంగుళాల సింగిల్‌కు, అంటే ఆల్బం కాకుండా ఒక పాటకోసం వేసే రికార్డుకు, పీటర్ సావిల్ అనే డిజైనరు చేసిన అట్ట అది. కంప్యూటర్ ఫ్లాపీ ఆకారంలో కన్నాలు కోసిన నల్లటి అట్ట. దానిమీద పేరు అక్షరాల్లో లేదు. అంచున రంగు గళ్ళు ఉంటాయి, ఆ రంగులే అక్షరాలకు సంకేతాలు. సంకేతం విప్పే చక్రం ఆ బృందం మరో ఆల్బం వెనక ఉంది. ఆ చక్రం చేతిలో లేనివాడికి అది ఒక రంగుల పట్టీ, అంతే. అయినా ఆ పాట అమ్ముడుపోయినంతగా పన్నెండంగుళాల సింగిళ్ళలో మరొకటి అమ్ముడుపోలేదని చెబుతారు. రేడియోలో, నాట్యశాలల్లో పాట ముందుగా చెవిన పడింది కాబట్టి అట్ట ఎలా ఉన్నా చెల్లిందని నేను వాదించవచ్చు. వాదించాను కూడా. కానీ రంగుల పట్టీ అనగానే నాకు మా ఊరి సంగతి ఒకటి గుర్తొచ్చి, నోరు కొంచెం తగ్గించవలసి వచ్చింది. దాన్ని తరువాత చెబుతాను, ఎందుకంటే అది పత్రికా ప్రకటనకు సంబంధించినది.

పత్రికలో పేజీ వేరే ఊరు

అట్టకు చేసిన బొమ్మనే సాగదీసి పత్రికకు ప్రకటనగా పంపడం ఈ వృత్తిలో సర్వసాధారణం, నాకు ఏమాత్రం గిట్టనిది కూడా. అట్ట చేతిలో ఉన్నవాడు అప్పటికే ఆగి చూస్తున్నాడు. పత్రిక చేతిలో ఉన్నవాడు సీరియల్ కోసం, రాశిఫలాల కోసం పేజీ తిప్పుతున్నాడు. మన ప్రకటన అతనికి దారిలో అడ్డం. పైగా కాగితమే వేరు. ఇన్లే నున్నటి ఆర్టు కాగితం. అక్కడ సన్నగీత సన్నగానే నిలుస్తుంది. వారపత్రిక లోపలి పేజీ న్యూస్‌ప్రింట్, సిరాను బొంత పీల్చినట్టు పీలుస్తుంది. నాలుగు రంగుల చుక్కలు తలా కొంచెం ఉబ్బుతాయి. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా, ముదురు రంగుమీద తెల్లగా వదిలిన అక్షరం అంచులు మూసుకుపోతాయి.

అటువంటి పేజీమీద తెలుగు అక్షరం పడే పాట్లు చూడాలంటే సున్నను చూడండి. తెల్లకాగితంమీద నల్లగా అచ్చైతే, సిరా ఉబ్బి సున్న కడుపు పూడిపోయి నల్లచుక్క అవుతుంది. నలుపుమీద తెల్లగా వదిలితే, చుట్టూ ఉన్న సిరా లోపలికి వచ్చి ఆ తెల్లటి వలయాన్నే తినేస్తుంది. సున్న మాయమై "పంట" కాస్తా "పట" అవుతుంది. తలకట్టుకూ, గుడికీ ఇదే గతి. ఒకసారి ఒక గాయని ఆల్బంకు వారపత్రికలో నేను చేసిన అరపేజీ ప్రకటనలో, నాలుగు రంగులు కలిపిన ముదురు ఊదామీద తొమ్మిది పాయింట్ల తెల్ల అక్షరాల్లో పాటల పేర్లన్నీ ఇచ్చాను. పత్రిక వచ్చాక చూస్తే ఊదారంగు నేలమీద బియ్యపుగింజలు చల్లినట్టుంది. అప్పటినుంచి నాకు ఒక నియమం: న్యూస్‌ప్రింట్‌మీద తెల్లగా వదిలే అక్షరం వెనక ఒకే ఒక సిరా ఉండాలి, అక్షరం లావుగా ఉండాలి, పాటల జాబితా ఉండకూడదు. పాటల జాబితా కొన్నవాడికి పనికొచ్చేది, కొననివాడికి కాదు.

మరి ప్రకటనలో ఏముండాలి? షాపులో బల్లకు ఇవతల నిలబడి నోటితో పలకవలసిన మాట ఉండాలి. ప్రకటన పని ఆ మాటను నేర్పడం. వెన్నుమీద ఏ అక్షరంతో, ఏ వంపుతో రాశామో అదే వంపుతో అరపేజీ నిండా రాయాలి, షాపులో చూసినప్పుడు కన్ను వెంటనే పట్టుకునేలా. పక్కన కేసెట్టు బొమ్మ వేస్తే అసలు పరిమాణంలోనే, అంటే 65 మిల్లీమీటర్ల వెడల్పు, 101 మిల్లీమీటర్ల ఎత్తుతోనే వేసేవాణ్ణి. వారపత్రిక పేజీలో అది చక్కగా పడుతుంది, వస్తువు చేతిలో ఉన్నంత నిజంగా కనిపిస్తుంది. మరొక నియమం కూడా పెట్టుకున్నాను: "త్వరలో విడుదల" అని ఎప్పుడూ వేయకూడదు. పత్రిక వారంలో చచ్చిపోతుందని ప్రకటన అమ్మేవాళ్ళు అనుకుంటారు, నెల్లూరు జిల్లాలో అది సెలూనుకు చేరి రెండు మూడేళ్ళు బతుకుతుంది. అట్ట ఊడిపోయి, ఎవరో అర్ధచంద్రాకారంలో మీసాలు గీసిన హీరోయిన్లతో సహా.

ఇందాక ఆపిన సంగతి ఇప్పుడు చెప్పాలి. 2000 తరువాత ఒక వేసవిలో, తెలిసినవారి కేసెట్ల షాపులో కూర్చుని ఉండగా అల్లూరు వైపునుంచి వచ్చిన పెద్దాయన ఒకరు వచ్చి, "ఎర్రట్ట పాటల కేసెట్టు ఇయ్యినా" అన్నారు. ఎర్ర అట్టవి ఇరవై ఉన్నాయని షాపాయన అంటే, "మా ఊరి సెలూన్లో బుక్కులో ఉండాదే, అంతా ఎర్రగా, ఆ ఎరుపు" అన్నారు. వర్ణనను బట్టి అది నేను చేసిన ప్రకటనే. ఒకే సిరా అని నియమం పెట్టుకున్నాను కదా, పేజీ అంతా ఎరుపు పోసి, మధ్యలో పేరు తెల్లగా చేటంత అక్షరాల్లో వదిలాను. ఆయన ఆ పేరు చదవలేదు. చదవడం రాకపోవడం వల్ల కాదు. చేతిలో పంచాంగం ఉంది, ఎవరి పెళ్ళికో ముహూర్తం చూసుకుంటూనే మాట్లాడారు. పేరు ఆయనకు పట్టలేదు, ఎరుపు పట్టింది. అయితే ఇన్లే ఎరుపు కాదు. ఇన్లేకు నేను నీలం వేశాను, ప్రకటనకు ఎరుపు వేశాను, ఎందుకంటే వెన్నుమీదా పేజీమీదా అక్షరం ఒకటే ఉంటే చాలుననుకున్నాను. షాపాయన నీలం కేసెట్టు తీసి ఇస్తే ఆయన తిప్పి చూసి, "ఇది కాదు" అని తిరిగి ఇచ్చేశారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఇదేనండీ అని చెప్పినా నమ్మలేదు.

అక్షరమే ముందని వాదించే నాకు ఇది మింగుడుపడని సంగతి. సావిల్ రంగుల పట్టీ అనగానే నాకు గుర్తొచ్చింది ఈ పెద్దాయనే. బహుశా నా వాదనను కొంచెం సవరించుకోవాలి. చిన్నచోటు ముందు అనేంతవరకు నేను కదలను. ఆ చిన్నచోటులో అక్షరంతో సమానంగా రంగుకు కూడా పీట వేయాలి, ఆ రంగు వెన్ను నుంచి పేజీదాకా మారకూడదు. ఇరవై ఏళ్ళ కిందటే ఇది నాకు తెలియవలసింది. తెలిసినా ఒప్పుకోలేదేమో.

ఫొటో ఎవరికోసం

కుర్రవాడి తల్లి అభ్యంతరం వేరు. రెండోసారి కూర్చున్నప్పుడు ఆమె కూడా వచ్చింది. "అన్నా, వాడి మొహం లేకుండా వాడి పాటలేంది? మా ఊళ్ళో అందరూ వాణ్ణి చూసే గదా కొంటారు" అని అడిగింది. అంతటితో ఆగకుండా, అట్టమీద పైన ఒక మూల బాలు గారి ఫొటో చిన్నది వేయమంది. నెల్లూరులో పాడేవాడు బాలు గారి ఆశీర్వాదం లేకుండా ఎట్లా మొదలుపెడతాడన్నది ఆమె ప్రశ్న. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని ఆయన 2020లో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చినప్పుడు ఆమె వెళ్ళి చూసి వచ్చిందట. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు రెండు రోజులు పొయ్యి వెలిగించలేదట. ఆ భక్తిని నేను తక్కువ చేయను. కానీ అనుమతి లేకుండా ఒకరి ఫొటోను అమ్మకపు సరుకుమీద వేయకూడదన్నది మొదటి మాట. రెండో మాట నేను ఆమెతో అనలేదు, కుర్రవాడితో అన్నాను: ఆ అట్టమీద బాలు గారుంటే చూసేవాడి కన్ను మరొకరిమీద నిలుస్తుందా? చివరికి పాటల పుస్తకం మొదటి పేజీలో ఒక నమస్కార వాక్యం రాయడానికి ఆమె ఒప్పుకుంది.

ముఖం సంగతి అంత సులువుగా తేలలేదు. మన సినిమా రికార్డుల అట్టలమీద నాయకానాయికల ముఖాలు ఎందుకుండేవంటే, అవి సినిమాను గుర్తుచేసేవి. పాట వినేవాడు అప్పటికే ఆ ముఖాన్ని తెరమీద చూసి ఉన్నాడు, లేదా రేపు చూడబోతున్నాడు. సినిమా లేని గాయకుడికి ఆ వెసులుబాటు లేదు. 1990ల నడుమ హిందీ పాప్ గాయకుల ముఖాలు కేసెట్లమీద పెద్దగా వచ్చాయి, కానీ వాటికి ముందు అవే ముఖాలు టీవీలో వీడియోలుగా రోజుకు పదిసార్లు కనిపించేవి. ఇన్లే ఆ వీడియోను గుర్తుచేస్తే చాలు. ఇలా ఆలోచించి, ముఖం పరిచయం చేయలేదని, గుర్తు మాత్రం చేయగలదని నేను అనుకుంటూ వచ్చాను. అయితే ఆమె చెప్పిన మాటలో నేను పట్టించుకోనిది ఒకటుంది. ఈ 300 పెట్టెలు కొనేవాళ్ళు అతన్ని అప్పుడే వేదికమీద గంటసేపు చూసి, చెమటతో ఉన్న ముఖం కళ్ళలో ఉండగానే బల్లదగ్గరకు వచ్చేవాళ్ళు. వాళ్ళకు ఆ ముఖం తెలుసు. వాళ్ళ విషయంలో ఆమె సరి, నేను తప్పు. యాప్‌లో వెతికేవాడి విషయంలో, పత్రిక తిప్పేవాడి విషయంలో నేను సరి అనుకుంటాను. ఒకే ఆల్బంకు ఇద్దరు కొనుగోలుదారులుంటే అట్టలు రెండు చేయాలా అన్నంతవరకు వెళ్ళి, ఖర్చు లెక్కవేసుకుని వెనక్కి వచ్చాం. ఫొటో పెట్టె మూత తెరవగానే ఎదురుగా, లోపలివైపు పూర్తిగా పరుచుకుని ఉంటుంది. పైన ఉండదు.

బల్లమీద ప్రూఫ్

అక్షరాన్ని ఈసారి ఫాంటులోంచి తీసుకోలేదు. ఫాంట్ల మీద కోపం లేదు. రామభద్ర, మండలి, ధూర్జటి వంటివి ఉచితంగా దొరుకుతున్న కాలం ఇది, నేను టైపు నేర్చుకున్ననాటి కరువు ఇప్పుడు లేదు. కానీ ఊరంతా అవే పెళ్ళిపత్రికలమీదా, అవే ఫ్లెక్సీలమీదా కనిపిస్తుంటే, గాయకుడి పేరు కూడా ఎవరిదో గృహప్రవేశం అనిపిస్తుంది. బాపు గారి చేతిరాత మనకు ఎంత ప్రియమైనదైనా, దాన్ని టైపు చేసిన ప్రతివాడూ బాపు గారి పాత అట్టనే చూపిస్తున్నాడు, తన కొత్త పాటను కాదు. ఆల్బం పేరు విడుదలకు ముందు ఇక్కడ రాయకూడదు. అందులో ఒక సున్న, ఒక ప వత్తు ఉన్నాయని మాత్రం చెప్పవచ్చు. వెన్ను ఆరు మిల్లీమీటర్లు, అంటే కేసెట్టులో సగం. ఆ ఆరింటిలో పైన ఒకటి, కింద ఒకటి మడతకు వదిలేసి, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో బ్రష్షు పెన్నుతో ఆ పేరును నలభైసార్లు రాశాను. ప వత్తును అక్షరం కిందికి కాకుండా కుడివైపుకు జరిపి, పక్క అక్షరం ఒడిలో కూర్చోబెడితే పట్టింది. సున్నను మిగిలిన అక్షరాలకంటే కొంచెం పెద్దది చేశాను, కడుపు పూడిపోకుండా. తెరమీద పెంచి చూస్తే ఇది కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లలో చూస్తే సరిపోతుంది.

క్యూఆర్ కోడ్‌ను బంగారు రంగులో, నల్లని నేలమీద తిరగేసి వేయమని కుర్రవాడు కోరాడు. కొన్ని ఫోన్లు చదువుతాయి, కొన్ని చదవవు. కచేరీ మైదానంలో ట్యూబులైటు వెలుగులో చదవని ఫోనే ఎదురవుతుంది. తెల్లనేలమీద నల్లగా, రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా, చుట్టూ ఖాళీ వదిలి వేశాం. దానిమీద పెద్ద వాదన జరగలేదు.

మొన్న బుధవారం డిజిటల్ ప్రూఫ్, అంటే సరిచూసుకోవడానికి అచ్చువేసిన నమూనా, వచ్చింది. 300 కాపీలకు ఆఫ్‌సెట్ ప్లేట్లు గిట్టవు కాబట్టి డిజిటల్‌లోనే కొట్టిస్తున్నాం. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్ట, మ్యాట్ లామినేషన్. అట్టలోని పోగు దిశకు అడ్డంగా మడిస్తే వెన్ను దగ్గర రంగు పగులుతుందని ముందే చెప్పి నిలువుగా వేయించాను. పెట్టెను మా హాల్లో పుస్తకాల అరలో, రెండు పాత నిఘంటువుల మధ్య వెన్ను కనిపించేలా నిలబెట్టి, తల్లినీ కొడుకునూ గుమ్మం దగ్గర నిలబడమన్నాను. కొడుకు వెంటనే పేరు చదివాడు. రాసుకున్నవాడు చదవడంలో గొప్పేముంది. తల్లి ఆ రోజు కళ్లద్దాలు మరిచిపోయి వచ్చింది. కళ్ళు చికిలించి చూసి, "అక్షరాలు నాకు ఆనడంలా. ఆ పసుపుపచ్చది మనోడిదే గదా?" అంది.

పసుపు నా ఆలోచన కాదు, మైపాడు ఫొటోలో ఇసుకమీద పడిన ఎండలోంచి కుర్రవాడు ఏరిన రంగు. ఆ సాయంత్రమే ఫైలు తెరిచి, వెన్నుమీది పసుపును ముందువైపుకూ వెనకవైపుకూ చెరి ఎనిమిది మిల్లీమీటర్లు పాకించాను. యాప్ చదరంలో ఎడమ అంచున అదే పట్టీ పెట్టాను. మాసపత్రిక వెనక అట్ట నాలుగు రంగులది, అక్కడ పేజీలో మూడోవంతు పసుపు పోశాను. లోపలి అరపేజీ మాత్రం నలుపు తెలుపే. అక్కడ పసుపుకు దారి లేదు. ఫైలు ఇవ్వడానికి ఇంకా వారం గడువుంది; ఇప్పటికి పేరు మాత్రం అరపేజీ వెడల్పునా నల్లగా పెట్టి ఉంచాను. కుడివైపు ఒక ఫొటో పట్టేంత చోటు ఖాళీగా ఉంది.